ఏ అలవాటూ లేని మనిషి

మనవాళ్ళలో ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చిందని తెలియగానే, అది డాలస్‌లో అయినా దుబాయిలో అయినా తెనాలిలో అయినా, వినబడే మాట ఒకటుంది. "ఆయనకి ఏ అలవాటూ లేదండీ! సిగరెట్టు ముట్టలేదు, మందు ముట్టలేదు, చివరికి కాఫీ కూడా తాగేవాడు కాదు. అలాంటి మనిషికి ఇదేమిటి?"

ఈ మాట అనేవాళ్ళ మనసు మంచిదే. జబ్బుపడ్డ మనిషి పక్షాన నిలబడి మాట్లాడుతున్నామనే అనుకుంటారు. కాని ఆ మాట లోపల ఒక లెక్క దాగి ఉంది. అలవాట్లు ఉన్నవాడికి జబ్బు వస్తే అది న్యాయం, లేనివాడికి వస్తే అన్యాయం. ఈ కత్తికి రెండువైపులా పదునే. ఈరోజు ఒకాయన మీద జాలిపడ్డ నోరే రేపు ఇంకొకాయన గురించి "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అంటుంది. ఆ రెండో మాట ఎదురుగా అనం కాబట్టి మనకి మనం మర్యాదస్థులుగానే కనిపిస్తాం.

జబ్బుకీ నడవడికీ మధ్య మనం వేసే ఈ లెక్క ఎంతవరకు చెల్లుతుందో చూడటానికి పార్కిన్సన్స్ జబ్బు మంచి గీటురాయి. మన పెద్దలు కంపవాతం అన్నది ఇదే. చేతి వణుకు, అడుగు చిన్నదైపోవడం, ఒళ్ళు బిగుసుకోవడం, ముఖంలో కదలిక తగ్గడం. సాధారణంగా 60 ఏళ్ళ ప్రాంతంలో బయటపడుతుంది. ఈ జబ్బు దగ్గర మన లెక్క తప్పడమే కాదు, కొన్నిచోట్ల తలకిందులవుతుంది.

ఈ జబ్బుకి పేరు ఇచ్చిన జేమ్స్ పార్కిన్సన్ లండన్‌లో హాక్స్‌టన్ అనే పేటలో వైద్యం చేసేవాడు. 1817లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులో ఉన్నవి ఆరుగురి కథలు. వాళ్ళలో కొందరిని వీధిలో నడిచిపోతుండగా చూసి పలకరించాడు. మొదటి ముగ్గురి సంగతి చెబుతాను.

మొదటివాడు తోటమాలి, 50 దాటినవాడు. కష్టపడి పనిచేసేవాడనీ, ఎంతో నిగ్రహంగా బతికిన మనిషనీ పార్కిన్సన్ ప్రత్యేకంగా రాశాడు. అంటే మన భాషలో ఏ అలవాటూ లేని మనిషి. కొన్నాళ్ళపాటు ఎడమ చేతికి బాగా శ్రమ కలిగించే పని చేశాననీ, అందువల్లే వణుకు మొదలైందేమోననీ అతను అనుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా అంతకుమించి ఏ కారణమూ అతనికి తోచలేదు. రెండోవాడికి 62 ఏళ్ళు, మేజిస్ట్రేటు కచేరీలో బంట్రోతుగా జీవితంలో ఎక్కువ భాగం గడిపినవాడు. తన జబ్బుకి కారణం తాను అడ్డదిడ్డంగా బతకడమూ, ముఖ్యంగా తాగుడూ అని అతనికి ఏ సందేహమూ లేదు. మూడోవాడు 65 ఏళ్ళ దృఢకాయుడు. స్పెయిన్ దేశపు చెరలో నెలల తరబడి తడినేల మీద పడుకోవడం వల్ల ఇది వచ్చిందన్నాడు.

ఒకరు శ్రమ అన్నారు, ఒకరు పాపం అన్నారు, ఒకరు ఇతరులు పెట్టిన బాధ అన్నారు. రెండు వందల ఏళ్ళు దాటినా ఈ మూడింటికి మించి మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఏ జబ్బు గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకున్నా ఈ మూడింటిలో ఏదో ఒకటి వినిపిస్తుంది.

ఈ ముగ్గురిలో నన్ను వదలని వాడు ఆ రెండో మనిషి. తన జబ్బు తన చేతల ఫలమనీ, ఇక నయం కాదనీ గట్టిగా నమ్మిన అతను వైద్యం చేయించుకోవడానికే ఒప్పుకోలేదని పార్కిన్సన్ రాశాడు. ఆ రోజుల్లో దీనికి పనికొచ్చే మందు ఏదీ లేదు గనక అతను పోగొట్టుకున్నది పెద్దగా లేదనుకోవచ్చు. కాని అతను వద్దన్నది మందును మాత్రమే కాదు, తనకోసం ఎవరైనా ఏదైనా చెయ్యబోవడాన్ని. జబ్బుని శిక్షగా ఒప్పుకున్న మనిషి ఉపశమనం కోరుకోడు. శిక్షకి ఉపశమనం అడగడం సిగ్గుచేటు అనిపిస్తుంది.

ఇక నేటి విజ్ఞానం సంగతి. పార్కిన్సన్స్‌కీ అలవాట్లకీ ఉన్న సంబంధం గురించి వచ్చిన అధ్యయనాల్లో కొన్ని చదివితే మన తాతమ్మలు నోరు నొక్కుకుంటారు. పొగతాగేవాళ్ళలో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1951లో వైద్యుల మీదే మొదలుపెట్టిన సుప్రసిద్ధ అధ్యయనం ఒకటుంది. పొగాకు మనిషిని చంపుతుందని లోకానికి నమ్మకంగా చెప్పినవాటిలో అది ముఖ్యమైనది. జీవితాంతం పొగతాగినవాళ్ళు సగటున పదేళ్ళ ఆయుష్షు పోగొట్టుకుంటారని చెప్పింది కూడా అదే. ఆ వైద్యుల లెక్కలనే తిరగేసి 2020లో ప్రచురించిన పత్రం, పొగతాగేవాళ్ళలో పార్కిన్సన్స్ ముప్పు 30 నుంచి 40 శాతం తక్కువని తేల్చింది. కాఫీ సంగతీ అంతే. హొనలూలూలో 8,004 మంది జపనీస్ అమెరికన్ పురుషులను 30 ఏళ్ళపాటు గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. కాఫీ బాగా తాగినవాళ్ళతో పోలిస్తే అసలు తాగనివాళ్ళలో ఈ జబ్బు దాదాపు 5 రెట్లు ఎక్కువ. 2022లో వచ్చిన మరో పత్రం, వేలమంది రోగుల జవాబులు సేకరించి, కాఫీ, పొగ, ఆస్పిరిన్ అలవాటున్నవాళ్ళలో జబ్బు మొదలైన వయసు కాస్త వెనక్కి జరిగి ఉందని చూపింది.

అయితే చుట్ట వెలిగించాలా? తొందరపడకండి. పొగ మంచి చేస్తుంటే అందులోని నికోటిన్ మంచి చెయ్యాలి కదా అని, కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్ళకి ఏడాదిపాటు నికోటిన్ పట్టీలు అంటించి చూశారు. 2023లో ఫలితం వచ్చింది: జబ్బు వేగం ఏమీ తగ్గలేదు. కెఫీన్ మాత్రలతో చేసి 2017లో ప్రకటించిన ప్రయోగంలో కూడా కదలికలు మెరుగుపడలేదు. రెండు విషయాలు జంటగా కనిపించడం వేరు, ఒకదానివల్ల ఇంకొకటి జరగడం వేరు. ఆస్పిరిన్ సంగతే చూడండి. ఆస్పిరిన్ మింగేది ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళు. వాళ్ళలో జబ్బు మొదలైన వయసు ఎక్కువగా కనిపించడంలో ఆ మాత్ర గొప్పతనం ఎంతో, వయసు గొప్పతనం ఎంతో విడదీయడం తేలిక కాదు.

ఇంతకంటే చిత్రమైన సంగతి ఇంకొకటుంది. డెన్మార్క్ రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తరవాత పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళు అంతకు ముందే సిగరెట్టు మానెయ్యడం మిగతావాళ్ళకంటే తేలిగ్గా మానేశారని తేలింది. మెదడులో డోపమీన్ తగ్గుముఖం పడితే దేనిమీదా అంత యావ ఉండదు, కాబట్టి మానడం తేలిక అన్నది దీనికి ఒక వివరణ. అదే నిజమైతే ఆ మనిషికి అలవాటు లేకపోవడం వల్ల జబ్బు రాలేదు. జబ్బు అప్పటికే లోపల ఉండటం వల్ల అలవాటు వదిలిపోయింది.

ఇది ఒప్పుకుంటే నీతిశాస్త్రం కాళ్ళకింద నేల కొంచెం కదులుతుంది. నిగ్రహం అని మనం మెచ్చుకునేదానిలో మన పాలు ఎంత, మెదడులోని రసాయనం పాలు ఎంత? పార్కిన్సన్స్‌కి వాడే కొన్ని మందులు డోపమీన్‌లా పనిచేస్తాయి. అవి వాడిన కొందరు, అంతవరకు పేకముక్క ముట్టనివాళ్ళు, ఉన్నట్టుండి జూదానికి బానిసలయ్యారని, మందు తగ్గించగానే మామూలు మనుషులయ్యారని వైద్యపత్రికల్లో నమోదై ఉంది. అంతమాత్రాన నిగ్రహానికి విలువ లేదనను. ఎవరి నిగ్రహం వెనక ఎంత కష్టం ఉందో, ఎంత అదృష్టం ఉందో బయటినుంచి చూసి చెప్పలేం అంటాను. చెప్పలేనప్పుడు మార్కులు వెయ్యడం మానుకోవాలి.

ఇక వయసు సంగతి. "ఎప్పుడు మొదలైంది?" అన్నది వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న. రోగి ఏదో ఒక తేదీ చెబుతాడు. చెక్కు మీద సంతకం చిన్నదైపోయిన రోజో, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయిన రోజో. కాని అది జబ్బు మొదలైన రోజు కాదు, మనిషికి తెలిసిన రోజు. చెయ్యి వణికే నాటికి మధ్య మెదడులో డోపమీన్ తయారుచేసే కణాల్లో చాలా భాగం, సగానికి దగ్గరగా, పోయి ఉంటాయి. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వాసన తెలియడం తగ్గుతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, కలలో కాళ్ళూ చేతులూ విసిరి పక్కనున్నవాళ్ళని కొట్టడం మొదలవుతుంది. జర్మనీలో హైకో బ్రాక్ బృందం 2003లో ప్రతిపాదించిన ప్రకారం, చాలామందిలో జబ్బు ఆనవాళ్ళు ముందుగా మెదడు కాండం అడుగు భాగంలోనూ వాసన పసిగట్టే భాగంలోనూ కనిపించి, క్రమంగా పైకి పాకుతాయి.

అంటే పోయిన సంవత్సరం ఏం తిన్నాను, మొన్న ఎందుకంత కంగారుపడ్డాను, అబ్బాయి పెళ్ళిలో ఎందుకు అన్ని రోజులు నిద్ర మానుకున్నాను అని వెతుక్కునే మనిషి తప్పు చోట వెతుకుతున్నాడన్నమాట. అలాగే "మేము అమెరికాలో కూర్చోబట్టి కదా నాన్నకి ఈ బెంగ, ఈ జబ్బు" అని కుమిలిపోయే కొడుకులకీ కూతుళ్ళకీ ఈ లెక్క తెలియాలి. వీడియో కాల్‌లో వాళ్ళకి కనబడిన వణుకు, వాళ్ళు విమానం ఎక్కకముందే లోపల మొదలై ఉండవచ్చు.

అయినా మొదలైన వయసు అన్నది ఉత్త అంకె కాదు. మైకేల్ జె. ఫాక్స్ అనే నటుడికి 1991లో ఈ జబ్బు ఉందని చెప్పినప్పుడు అతని వయసు 29. ఏడేళ్ళపాటు లోకానికి తెలియకుండా దాచి 1998లో బయటపెట్టాడు. మహమ్మద్ అలీకి 1984లో, 42 ఏళ్ళ వయసులో, చెప్పారు. 70 ఏళ్ళకి వచ్చే వణుకు వేరు, 45 ఏళ్ళకి వచ్చేది వేరు. పరాయి దేశంలో ఉద్యోగం మీద వీసా, వీసా మీద ఇల్లు, ఇంటి మీద అప్పు, పిల్లల కాలేజీ ఫీజు ఆధారపడి ఉన్న మనిషికి ఆ పాతికేళ్ళ తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసులో కుడిచెయ్యి జేబులో పెట్టుకుని తిరిగేవాడు దాచేది వణుకును మాత్రమే కాదు, "ఏం చేశాడో" అన్న చూపుకి తనను తాను దాచుకుంటాడు. అందుకని జబ్బుని ఒక్క అయిదేళ్ళు వెనక్కి నెట్టగలిగినా అది గొప్ప సంగతే. కాబట్టి ప్రమాద కారకాల మీద పరిశోధన వద్దని నేను అనడం లేదు. ఆ పరిశోధన ఫలితాన్ని ఎటువైపు తిప్పి వాడుతున్నాం అన్నదే నా ప్రశ్న.

ఇక్కడ 'జీవనశైలి' అన్న మాటని ఒకసారి పట్టి చూడాలి. ఈ మాట వినగానే బజారులో చొక్కా ఎంచుకున్నట్టు మనిషి తన బతుకుని తానే ఎంచుకున్నాడని అనిపిస్తుంది. కాఫీ తాగడం, నడకకి వెళ్ళడం వరకు అది కొంత నిజం. కాని పార్కిన్సన్స్‌తో గట్టిగా ముడిపడ్డవాటిలో చాలా వాటిని ఎవరూ ఎంచుకోరు.

1982లో కాలిఫోర్నియాలో, ఇప్పుడు మన తెలుగువాళ్ళు వేలాదిగా కాపురముంటున్న శాంతా క్లారా లోయలో, కొందరు యువకులు ఉన్నట్టుండి కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయి ఆసుపత్రికి వచ్చారు. అచ్చం ముదిరిన పార్కిన్సన్స్. దొంగచాటుగా తయారైన కృత్రిమ హెరాయిన్‌లో ఎమ్‌పీటీపీ అనే పదార్థం కలిసి, అది మెదడులోని డోపమీన్ కణాలను చంపేసిందని విలియం లాంగ్‌స్టన్ అనే వైద్యుడూ అతని సహచరులూ కనిపెట్టారు. బయటి రసాయనం ఒకటి ఈ జబ్బుని కలిగించగలదని అప్పుడు స్పష్టమైంది. ఆ పదార్థం శరీరంలో మారి ఏర్పడే రూపానికీ, పారాక్వాట్ అనే గడ్డిమందుకీ నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది.

అదే రాష్ట్రంలో సెంట్రల్ వ్యాలీ అనే వ్యవసాయ ప్రాంతం ఉంది. అక్కడ ఏ పొలంలో ఏ మందు ఎంత కొట్టారో 1974 నుంచీ ప్రభుత్వ దస్త్రాల్లో ఉంది. ఆ దస్త్రాలను రోగుల చిరునామాలతో పోల్చి 2009లో ఒక పత్రం ప్రచురించారు. ఇంటికి 500 మీటర్లలోపు పారాక్వాట్, మానెబ్ అనే తెగులు మందు రెండూ కొట్టిన చోట్ల నివసించినవాళ్ళలో ముప్పు 75 శాతం ఎక్కువ. 60 ఏళ్ళలోపే జబ్బు బయటపడ్డవాళ్ళలో ఆ సంబంధం ఇంకా బలంగా కనిపించింది. వీళ్ళ 'అలవాటు' ఏమిటి? ఆ ఇంట్లో ఉండటం.

నార్త్ కరొలైనాలో క్యాంప్ లజూన్ అనే సైనిక స్థావరం ఉంది. అక్కడి తాగునీరు 1950ల నుంచి 1980ల దాకా ట్రైక్లోరోఇథిలీన్ వంటి ద్రావకాలతో కలుషితమై ఉండేది. అక్కడ పనిచేసిన సైనికులను, అలాంటి కలుషితం లేని మరో స్థావరంలో ఉన్నవాళ్ళతో పోల్చి 2023లో వెలువడిన అధ్యయనం, పార్కిన్సన్స్ ముప్పు 70 శాతం ఎక్కువని చెప్పింది. 20 ఏళ్ళ కుర్రాళ్ళు దాహమేసి నీళ్ళు తాగారు, వణుకు దశాబ్దాల తరవాత వచ్చింది. ఆ ద్రావకాన్ని నిషేధిస్తూ అమెరికా పర్యావరణ సంస్థ నియమం ప్రకటించింది 2024 డిసెంబరులో.

మన గుంటూరు, వరంగల్ జిల్లాల పత్తిచేలల్లో వీపుకి పంపు తగిలించుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని మందు కొట్టే కూలీ మనిషిని తలుచుకోండి. ఏ రోజున ఏ మందు ఎంతసేపు కొట్టాడో రాసిపెట్టే పుస్తకం అతనికి లేదు. ఇరవై ఏళ్ళ తరవాత అతని చెయ్యి వణికితే ఊళ్ళోవాళ్ళు కల్లు వల్ల అంటారు. అతని పక్క సాలులో అదే మందు కొట్టినవాడికి ఏమీ కాకపోతే "చూశారా, వాడు తాగడు" అంటారు. ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరికి జబ్బు వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి జన్యువులు కావచ్చు, ఉత్త యాదృచ్ఛికం కావచ్చు. కాని యాదృచ్ఛికం అన్న మాట మనకి రుచించదు. దానికంటే తప్పు అన్న మాటే నయమనిపిస్తుంది. తప్పుంటే కనీసం లోకానికి ఒక లెక్క ఉన్నట్టు, మనం తప్పు చెయ్యకపోతే మనకి రానట్టు.

ఫ్రాన్సు 2012లో, పురుగుమందులతో పనిచేసిన వ్యవసాయదారులకి వచ్చే పార్కిన్సన్స్‌ను వృత్తివల్ల వచ్చిన జబ్బుగా గుర్తించి పరిహారానికి అర్హత కల్పించింది. ఒకే గణాంకం ఒకచోట రోగి వైపు నిలబడింది, ఇంకోచోట రోగిని బోనులో నిలబెడుతోంది. గణాంకం తప్పు కాదది, వాడేవాళ్ళ చెయ్యి.

మన పెద్దలు కర్మని మూడుగా చెప్పారు. కూడబెట్టుకున్నది సంచితం, అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం, ఇకమీద చెయ్యబోయేది ఆగామి. పూర్వజన్మ పాపమే ఇప్పుడు వ్యాధిగా బాధిస్తుందన్న మాట మనకి బాగా గుర్తుంది గాని, మూడింటిలో మన చేతిలో ఉన్నది ఆగామి ఒక్కటే అన్న సంగతి అంతగా గుర్తుండదు. నమ్మకాల జోలికి పోకుండా ఆ విభజనని మాత్రం అరువు తెచ్చుకుంటే, ప్రమాద కారకాల లెక్కలు ఆగామికి పనికొచ్చే లెక్కలు. అవి రాబోయే రోజుల గురించీ, ఒక సమూహం గురించీ చెబుతాయి. ఏ మందుని నిషేధించాలి, ఏ బావి మూసెయ్యాలి, పిల్లల తలకి దెబ్బ తగలకుండా ఏ ఆట ఎలా ఆడించాలి అన్నవాటికి వాటిని మించిన ఆధారం లేదు. వాటినే వెనక్కి తిప్పి, ఒక్క మనిషిని కూర్చోబెట్టి, "నువ్వు ఫలానాది చేశావు కనక నీకిది వచ్చింది" అంటే ఆ లెక్క నిలవదు. 5 రెట్లు అన్నది వేలమందిని కలిపి చూసిన మాట. ఆ వేలల్లో మీ మావయ్యకి ఎందుకు వచ్చిందో అందులో ఉండదు.

దీనికొక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. "నేనేం చేశాను?" అని రోగి తనంతట తానే అడిగితే? ఏ కారణమూ లేదనడం కంటే ఏదో ఒక కారణం దొరకడమే అతనికి ఊరట కావచ్చు. హాక్స్‌టన్ తోటమాలి కూడా అందుకే ఎడమ చేతి శ్రమని పట్టుకున్నాడేమో. నిజమే. తన బతుకు కథని తనకు నచ్చినట్టు చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఆ హక్కు అతనిది, చూడటానికి వచ్చినవాళ్ళది కాదు. అతను చెప్పుకునే కథ అతన్ని ఆ కచేరీ బంట్రోతులా వైద్యం దగ్గరనుంచి వెనక్కి లాగుతుంటే మాత్రం, ఆ కథ తప్పని నెమ్మదిగా చెప్పడం అయినవాళ్ళ బాధ్యత.

ఎందుకంటే జబ్బు వచ్చాక కూడా చెయ్యగలిగింది ఉంది. అమెరికాలో 128 మంది కొత్త రోగులతో చేసి 2018లో ప్రకటించిన ప్రయోగంలో, వారానికి మూడు నాలుగు సార్లు ట్రెడ్‌మిల్ మీద గుండె వేగంగా కొట్టుకునేలా నడిచినవాళ్ళ కదలికలు ఆరు నెలల్లో దాదాపు దిగజారలేదు, వ్యాయామం లేనివాళ్ళవి దిగజారాయి. దీన్ని కూడా రేపొద్దున్న కర్రగా వాడగలం: "నడవమంటే నడవలేదు, అందుకే ముదిరింది" అని. అలా అనకుండా, చెప్పులు తొడుక్కుని ఆయనతోపాటు నడవడం మనకి చేతనవ్వాలి.

ఈ జబ్బుకి వాడే లీవోడోపా మాత్ర వేసుకున్న కాసేపటికి ఒళ్ళు వదులవుతుంది, మాట తేలికవుతుంది. దాని బలం తగ్గేసరికి మళ్ళీ బిగుస్తుంది. కొందరిలో పప్పు, పెరుగు, మాంసం వంటివి ఎక్కువగా తిన్న వేళ అది సరిగా ఎక్కదు. అందువల్ల మీరు ఎవరినైనా చూడటానికి వెళ్తే అలవాట్ల ఆరా పక్కనపెట్టి, ముందుగా ఫోన్ చేసి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "మాత్ర ఏ వేళకి వేసుకుంటారండీ? మీకు ఎప్పుడు హాయిగా ఉంటుందో అప్పుడే వస్తాం."